మురిగిపోయిన బిల్లును పిల్లలకు చెప్పాలి

2018 ఆగస్టు 9న లోక్‌సభ ఒక బిల్లుకు సరేనంది. విదేశాల్లో ఉంటున్న భారతీయ ఓటరు తన బదులు ఊళ్ళో ఉన్న మరొకరి చేత ఓటు వేయించుకోవచ్చన్నది దాని సారాంశం. దుబాయి, కువైట్, దమ్మామ్ క్యాంపుల్లో ఆ వార్త నోటి నుంచి నోటికి పాకింది. ‘ఇక మనకూ ఓటొచ్చినట్టే’ అనుకున్నవారు ఎందరో. 2019 ఎన్నికలు వచ్చి పోయాయి. 2024 ఎన్నికలూ వచ్చి పోయాయి. ఓటు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదంటే ‘మనోళ్ళను పట్టించుకునేదెవరన్నా’ అన్న నిట్టూర్పే తప్ప, జరిగిందేమిటో చెప్పగలిగినవారు పదిమందిలో ఒకరైనా కనిపించరు.

జరిగిందేమిటో మన పిల్లల హైస్కూలు సాంఘిక శాస్త్రం పుస్తకంలోనే ఉంది. బిల్లు ఒక సభలో గట్టెక్కితే చట్టం కాదు. రెండో సభ కూడా ఒప్పుకోవాలి, ఆపైన రాష్ట్రపతి సంతకం పడాలి. మన ఓటు బిల్లు లోక్‌సభ దాటిన మర్నాడే వర్షాకాల సమావేశాలు ముగిశాయి. ఆ ఏడాది శీతాకాల సమావేశాలు జరిగాయి, 2019 ఫిబ్రవరిలో బడ్జెట్ సమావేశాలు జరిగాయి. రాజ్యసభలో మాత్రం దానికి మోక్షం కలగలేదు. 2019 మే 25న పదహారో లోక్‌సభ రద్దయింది. లోక్‌సభ ఆమోదించి రాజ్యసభలో పెండింగులో ఉన్న బిల్లు, లోక్‌సభ రద్దయితే దానితోపాటే మురిగిపోతుందని రాజ్యాంగంలోని 107వ అధికరణం చెబుతోంది. అంతే, మన బిల్లు మురిగిపోయింది. ఎవరూ దానికి వ్యతిరేకంగా ఓటేసి ఓడించలేదు. చర్చకు రాకుండానే కాలం తీరిపోయింది. అడ్డుపడి ఓడించినవాణ్ణి నిలదీయొచ్చు. పక్కన పెట్టి మరిచిపోయినవాణ్ణి నిలదీయాలంటే, వాడు ఎక్కడ పక్కన పెట్టాడో ముందు తెలియాలి కదా!

ఈ సంగతి ఓటు హక్కు గురించి చెప్పాలని ఎత్తుకోలేదు. బడిలో పార్లమెంటు పాఠం ఎలా చెబుతున్నారన్నది మా బాధ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో, రాయచోటి, రాజంపేట వైపు, కోనసీమలో తండ్రో తల్లో గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళెన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఈ పాఠం చదువుతారు. లోక్‌సభలో సభ్యులెందరు? 543. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17. రాజ్యసభలో 245. పదవీకాలం ఎన్నేళ్ళు? కోరం ఎంత? పదో వంతు. బిట్లు బట్టీ పడతారు, పరీక్ష రాస్తారు, మరిచిపోతారు. మన ఇళ్ళల్లో చదువంటే లెక్కలు, ఇంగ్లీషు. సోషల్ అంటే పరీక్ష ముందు రోజు రాత్రి తిరగేసే పుస్తకం. తప్పు పిల్లలది కాదు. 543 అన్న అంకెకూ తమ ఇంటికీ ఉన్న సంబంధం వాళ్ళకు ఎవరూ చూపించలేదు.

సంబంధం లేకేం? నాన్న పాస్‌పోర్టు తెరిచి చూపిస్తే చాలు. పదో తరగతి పాసవ్వనివారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి, పాసైనవారికి అక్కర్లేదు. ఇదే మనవాళ్ళు ఈసీఆర్, ఈసీఎన్ఆర్ అని పిలుచుకునే తేడా. ఈ ఏర్పాటు వెనక ఉన్నది 1983లో పార్లమెంటు చేసిన ఎమిగ్రేషన్ చట్టం. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి, ఏజెంటుకు లైసెన్సు, ఆ లైసెన్సు లేని ఏజెంటు మీద కేసు, అన్నీ ఆ చట్టంలోంచి వచ్చినవే. అంతకుముందు 1922 నాటి బ్రిటిష్ చట్టం నడిచింది. పదో తరగతి పరీక్ష రాస్తున్న పిల్లవాడికి ‘నువ్వు రాసే ఈ పరీక్షే రేపు నీ పాస్‌పోర్టును మీ నాన్న పాస్‌పోర్టు నుంచి వేరు చేస్తుంది’ అని చెప్పి, అక్కణ్ణుంచి పార్లమెంటు పాఠం మొదలుపెట్టండి. వాడు వింటాడా లేదా చూడండి.

పుస్తకాలు రాసేవాళ్ళకు ఈ కిటుకు తెలియక కాదు. 2006లో వచ్చిన ఎన్సీఈఆర్టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో వ్యవస్థల పనితీరు గురించిన పాఠం నిర్వచనాలతో మొదలవదు. 1990 ఆగస్టు 13న కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన ఒక ఉత్తర్వుతో మొదలవుతుంది. మండల్ సిఫార్సుల ఆధారంగా ఉద్యోగాల్లో 27 శాతం రిజర్వేషన్ ఇచ్చిన ఉత్తర్వు అది. దాని మీద సంతకం చేసింది ఎవరు, నిర్ణయం తీసుకుంది ఎవరు, పార్లమెంటులో మాట్లాడింది ఎవరు, కోర్టుకు ఎక్కింది ఎవరు అని ఒక్కో మెట్టూ ఎక్కుతూ పిల్లలకు ప్రధాని, మంత్రివర్గం, పార్లమెంటు, సుప్రీంకోర్టు అన్నీ చూపిస్తారు. మంచి పద్ధతి. ఇక్కడ సీబీఎస్ఈ బడుల్లో చదివిన మన పిల్లలు చాలామంది ఆ పుస్తకమే చదివారు. పుస్తకం మంచిదైనా టీచరు మళ్ళీ ప్రశ్న జవాబులు నోట్సు రాయించి సరిపెట్టిన తరగతి గదులూ తక్కువేం కాదు.

మనవాళ్ళకు అలాంటి పాఠం చెప్పాలంటే మన ఓటు బిల్లు కంటే మంచిది దొరకదు. ఎందుకంటే అది ఒక్క చోట ఆగలేదు, చాలా చోట్ల ఆగింది. మొదట 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. విదేశంలో ఉన్నా, అక్కడి పౌరసత్వం తీసుకోకపోతే చాలు, సొంతూరి జాబితాలో ఓటరుగా చేరొచ్చన్నారు. 2011 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. దరఖాస్తు పేరు ఫారం 6ఏ. అయితే ఓటు వేయాలంటే పోలింగు రోజున ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని మన ఊరి బూత్‌లోనే నిలబడాలి. రెండేళ్ళకోసారి సెలవు దొరికేవాడు, టికెట్టుకు కఫీల్ వైపు చూసేవాడు ఓటు కోసం విమానం ఎక్కుతాడా? 2024 ఎన్నికలకు దేశం మొత్తమ్మీద విదేశీ ఓటర్లుగా నమోదైనవారు సుమారు లక్షా 19 వేలు. వచ్చి ఓటేసినవారు మూడు వేల లోపే. నమోదైనవారిలో నాలుగింట మూడు వంతుల మంది మలయాళీలే. మన రెండు రాష్ట్రాల వాటా గురించి గొప్పగా చెప్పుకునేందుకేం లేదు.

ఆ లోటు పూడ్చడానికి వచ్చిందే 2017 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన ప్రాక్సీ ఓటు బిల్లు. దాని గతి పైన చెప్పుకున్నాం. కథ అక్కడితో అయిపోలేదు. 2020 నవంబరులో ఎన్నికల సంఘం కేంద్ర న్యాయశాఖకు ఇంకో దారి చూపించింది. సైనికులకు 2016 నుంచి ఆన్‌లైన్‌లో బ్యాలెట్ పత్రం పంపి, ఓటేసిన కాగితాన్ని పోస్టులో తెప్పించుకుంటున్నారు. విదేశాల్లో ఉన్నవారికీ అలాగే చేయొచ్చంది. దీనికి పార్లమెంటులో చట్టం మార్చనక్కర్లేదు, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలు సవరిస్తే చాలునంది.

ఇక్కడ టీచరు ఒక్క క్షణం ఆగి పిల్లలను అడగాలి: చట్టం వేరు, నిబంధనలు వేరా? వేరే. చట్టం పార్లమెంటు చేస్తుంది. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో నిబంధనలు ప్రభుత్వం చేసుకుంటుంది, ఆ తర్వాత వాటిని సభ ముందు ఉంచుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే, ‘పార్లమెంటులో బిల్లు రావాలి, అప్పుడు చూద్దాం’ అని ఎవరైనా తప్పించుకోబోతే ‘బిల్లెందుకు సార్, రూలు మారిస్తే చాలదా?’ అని పదిహేనేళ్ళ పిల్ల అడగగలుగుతుంది. ఈ ప్రశ్న అడగగలిగిన పెద్దవాళ్ళు మన సంఘాల్లోనే ఎంతమంది ఉన్నారు?

బిల్లు మంచిదే, అందరూ చేతులెత్తండి అని చెప్పడం కూడా పాఠం కాదు. బడుల్లో యూత్ పార్లమెంటు పోటీలు కొత్తేమీ కాదు. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లోనే ఢిల్లీ బడుల్లో మొదలుపెట్టింది, తర్వాత కేంద్రీయ విద్యాలయాలకూ నవోదయలకూ తీసుకెళ్ళింది. మంచి పనే. అయితే చాలాచోట్ల ఏం జరుగుతుందంటే, టీచరు డైలాగులు రాసిస్తారు, పిల్లలు కంఠతా పట్టి అప్పజెబుతారు, ప్రతిపక్షం వేషం కట్టినవాళ్ళు ఒకసారి లేచి అరిచి వాకౌట్ చేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. టీవీలో చూసింది అదే మరి. సభ అంటే అరుపులు, కాగితాలు చింపడం అనే పిల్లల మనసులో పడిపోయింది.

దానికి బదులు ప్రాక్సీ ఓటు మీద నిజంగా వాదించుకోమనండి. నాన్న బదులు అన్న ఓటేస్తే, నాన్న చెప్పినవాడికే వేశాడని ఎలా నమ్మడం? రహస్య ఓటింగు అన్నమాటకు అర్థమేముంది? ఏజెంటు చేతికి అప్పున్నవాడి ప్రాక్సీని ఆ ఏజెంటే రాయించుకుంటే? అటుపక్కవాళ్ళు, సైన్యంలో ఉన్నవారికి 2003 నుంచి ప్రాక్సీ సౌకర్యం ఉంది కదా, వాళ్ళను నమ్మి మమ్మల్ని నమ్మరా అనొచ్చు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. పిల్లలు వాదించుకుని, సవరణలు పెట్టుకుని, మూజువాణి ఓటుతో కాకుండా లెక్కపెట్టి ఓటేసుకుని, ఆ తర్వాత ‘రాజ్యసభ’ బెంచీలవైపు పంపాలి. అక్కడ గంట కొట్టేయాలి. ‘లోక్‌సభ రద్దయింది, మీ బిల్లు మురిగిపోయింది, మళ్ళీ మొదట్నుంచి’ అనాలి. పిల్లలు గొల్లుమంటారు. ఆ కోపం పుట్టాలనే ఇంత హడావుడి.

పక్కనే ఇంకో ఉదాహరణ పెడితే అందం. మహిళా రిజర్వేషన్ బిల్లును రాజ్యసభ 2010 మార్చి 9న ఆమోదించింది. లోక్‌సభలో ఆగింది, 2014లో మురిగిపోయింది. 2023 సెప్టెంబరులో కొత్త పార్లమెంటు భవనంలో కొత్త బిల్లుగా మళ్ళీ వస్తే తప్ప చట్టం కాలేదు. మురిగిపోయినది మళ్ళీ రాకూడదనేం లేదు. రమ్మని అడిగేవాళ్ళుండాలి, అంతే.

మన రాష్ట్రం విడిపోయిన బిల్లు సంగతి చెప్పాలా వద్దా? చెప్పాలనే అంటాం. హైదరాబాద్ వాడూ విజయవాడ వాడూ ఒకే గదిలో వండుకు తినే క్యాంపుల్లో ఈ విషయం ఎత్తడానికి జంకుతారు. కానీ ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలకు అప్పటికి అ ఆలు కూడా సరిగ్గా రావు. వాళ్ళకు అది చరిత్ర. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. అసెంబ్లీ వద్దన్నాక కూడా ఎలా చేశారు? మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతేగానీ దాని అనుమతి అక్కర్లేదు. న్యాయమా కాదా అన్న తగువు పెద్దవాళ్ళం పడదాం. పిల్లలకు మాత్రం ఏ సభ చేతిలో ఏముందో తెలియాలి.

అది తెలియకనే మనవాళ్ళు పడే తిప్పలు చూడండి. ఇక్కడ మనిషి చనిపోతే, ఊళ్ళో కుటుంబం మొదట సర్పంచి దగ్గరికి, తర్వాత ఎమ్మెల్యే దగ్గరికి పరుగెత్తుతుంది. రాష్ట్రం చేయగలిగింది రాష్ట్రం చేస్తుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి రూ.5 లక్షల సాయం ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, మంచిదే. కానీ వలస, పాస్‌పోర్టు, వీసా, విదేశీ వ్యవహారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితాలోవి. వాటి మీద చట్టం చేసేది పార్లమెంటు, జవాబు చెప్పాల్సింది విదేశాంగ మంత్రి. ఆ మంత్రిని నిలబెట్టి అడగగలిగింది మన ఎంపీ. ఎమ్మెల్యే సిఫార్సు ఉత్తరం రాస్తాడు, పాపం, అంతకంటే ఏం చేయగలడు?

ఎంపీ ఎలా అడుగుతాడో కూడా పాఠంలో భాగం కావాలి. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20. గుర్తు లేని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబొస్తుంది. గల్ఫ్ జైళ్ళల్లో ఉన్నవారెందరు, చనిపోయినవారెందరు, ఫిర్యాదులెన్ని వచ్చాయి అంటూ అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు రెండు సభల వెబ్‌సైట్లలో ఉన్నాయి. మన కార్మికుల గురించి ప్రభుత్వం అధికారికంగా చెప్పిన అంకెలు దొరికేది అక్కడే. ఏ హైస్కూల్లోనైనా సోషల్ టీచరు ఒక జవాబును ప్రింటు తీసి ‘దీన్ని చదివి, ఇందులో మంత్రి చెప్పకుండా దాటేసిందేమిటో పట్టుకోండి’ అని హోంవర్కు ఇస్తే, వంద బిట్ల కంటే మేలు. టీవీ కెమెరాలు లేని చోట స్థాయీ సంఘాలు చేసే పని కూడా చెప్పొచ్చు. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది కూర్చుని, అధికారులను పిలిపించి కాగితాలు తిరగేస్తారు. అక్కడ అరుపులుండవు, అందుకే వార్తలూ ఉండవు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 1983 చట్టాన్ని మార్చే మాట చాలా ఏళ్ళుగా నడుస్తోంది. 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకో ముసాయిదా ప్రజల ముందుకొచ్చాయి. 2025 అక్టోబరులో విదేశాంగ శాఖ ‘ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు’ పేరుతో కొత్త ముసాయిదా పెట్టి, నవంబరు 7 లోపు అభిప్రాయాలు పంపమంది. అభిప్రాయాలు అడిగినప్పుడల్లా చెప్పేది ఎవరు? లైసెన్సున్న ఏజెంట్ల సంఘాలు చెబుతాయి, ఢిల్లీలో ఉన్న స్వచ్ఛంద సంస్థలు చెబుతాయి. ఎడారిలో గొర్రెలు కాసేవాడు చెప్పడు, ఇంటిపనికి వచ్చి వంటగది దాటని కడప అక్క చెప్పదు. ముసాయిదా వచ్చినట్టు కూడా వాళ్ళకు తెలియదు. వాళ్ళ కొడుకో కూతురో తొమ్మిదో తరగతిలో ఉంటే, ముసాయిదా అంటే ఏమిటో, గడువంటే ఏమిటో, ఈమెయిలు ఎక్కడికి పంపాలో ఆ పిల్లకు నేర్పొచ్చు. ‘అమ్మా, జీతం ఎగ్గొడితే ఏజెంటు బాధ్యత ఉండాలా వద్దా, నువ్వు చెప్పు, నేను రాస్తా’ అని ఆ పిల్ల ఫోన్‌లో అడిగితే, అంతకంటే సివిక్స్ పాఠం ఏముంటుంది?

ఇక్కడి తెలుగు సంఘాలకు ఒక మాట. జనవరి 26, ఆగస్టు 15 వేడుకల్లో పిల్లల డ్యాన్సులు, సినిమా పాటలు బాగానే ఉన్నాయి, ఎవరూ వద్దనరు. రెండు గంటల కార్యక్రమంలో ఒక గంట తగ్గించి పిల్లల చేత పైన చెప్పిన సభ పెట్టించండి. చూడటానికి లేబర్ క్యాంపుల నుంచి బస్సు వేయండి, మంత్రి వేషం కట్టిన పిల్లవాణ్ణి ప్రశ్నలు అడిగే అవకాశం ఆ బస్సులో వచ్చినవారికి ఇవ్వండి. జవాబు రాకపోతే పిల్లవాడు నీళ్ళు నములుతాడు, పర్వాలేదు, అసలు మంత్రులకూ అది అలవాటే.

కుటుంబం ఊళ్ళో ఉన్నవారికి సంఘాలతో పనిలేదు. సెలవు రోజు ఫోన్ చేసినప్పుడు మార్కులెన్ని అని అడిగే ముందు ‘మన ఎంపీ ఎవరు, ఈ సమావేశాల్లో గల్ఫ్ గురించి ఏమైనా అడిగాడా, చూసి చెప్పు బిడ్డా’ అనండి. వారం గడువివ్వండి. చెప్పలేకపోతే బడిలో సారును అడగమనండి. ఫారం 6ఏ కూడా ఆ పిల్లల చేతే నింపించొచ్చు, ఆన్‌లైన్‌లోనే ఉంది. పాస్‌పోర్టులో మన ఫొటో, ఊరి చిరునామా ఉన్న పేజీలు, వీసా పేజీ ఫొటో తీసి పంపితే చాలు, మిగతాది వాళ్ళకు మనకంటే బాగా వచ్చు.